నా బీఏ, మా బామ్మర్ది పరుగు

డెబ్బైల చివర్లో మా వీధిలో బీఏ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే. వరంగల్ కొత్తవాడలో మాది మగ్గాల వీధి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకుని రెండేళ్లు దాటినా పిలుపు రాలేదు. అయినా మా నాన్న నన్ను మగ్గం మీద కూర్చోనిచ్చేవాడు కాదు. "బీఏ చదివినోడు మగ్గం గుంతల కాళ్లు వెట్టి బట్ట నేస్తడా?" అనేవాడు. నేనూ కాదనేవాణ్ణి కాదు. ఆయన నేస్తుంటే పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేవాణ్ణి.

ఆ పేపర్లోనే ఒకరోజు హనుమకొండలో మిలిటరీ భర్తీ అని ప్రకటన పడింది. సిపాయికి ఎనిమిదో తరగతి చాలని రాసి ఉంది. ఎనిమిది చాలన్నచోట నా దగ్గర పదిహేనేళ్ల చదువుంది. ఈ లెక్కన నన్ను పొద్దున సిపాయిగా తీసుకుని సాయంత్రానికి ఆఫీసర్ని చేస్తారని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆఫీసర్లకు వేరే పరీక్షలుంటాయని అప్పట్లో నాకు తెలియదు. తెలిసినా నమ్మేవాణ్ణి కాదు.

మా మేనమామ మగ్గం వదిలేసి రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్లో వ్యవసాయం చేసేవాడు. ఆయన కొడుకు, నాకంటే మూడేళ్లు చిన్నవాడు, నా బామ్మర్ది. ఎనిమిది పాసై, తొమ్మిదో తరగతిలో లెక్కల సారు చేతి బెత్తానికి దణ్ణం పెట్టి బడి మానేశాడు. భర్తీకి వాడూ వస్తానని కబురు పెట్టాడు. ముందురోజు మధ్యాహ్నం బస్సు దిగి మా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక గుడ్డసంచి, అందులో ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ ఒక్కటే.

"ఎనిమిదికి నిన్ను వంటింట్ల పెడ్తరురా," అన్నాను.

"మంచిదే బావా. నువ్వు ఆఫీసర్ అయినంక నీకు బువ్వ నేనే వండుత," అన్నాడు వాడు. ఎగతాళికో, నిజంగానో ఇప్పటికీ నాకు తేలలేదు.

తెల్లారి మైదానానికి వెళ్లేసరికి వందలమంది ఉన్నారు. అందరూ బనీన్లు, చెడ్డీల మీదే, కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఇస్త్రీ ప్యాంటు, చేతిలో ఫైలు ఉన్నది నా ఒక్కడికే. వరసలు చూస్తున్న హవల్దారు ఉత్తరాదివాడు, పెద్ద మీసాలు. నేను దగ్గరికెళ్లి, మా ఊరి ఉర్దూలో, బీఏ వాళ్ల లైన్ ఎక్కడని అడిగాను.

ఆయన నా ఫైలు తెరిచి, ఒక్కొక్క కాగితమూ శ్రద్ధగా తిప్పి చూశాడు. నా గుండె పొంగింది. మూసి నా చేతికిస్తూ, "బహుత్ అచ్ఛా. దీన్ని ఆ చెట్టు కింద పెట్టి, ప్యాంటు కూడా విప్పి పెట్టి రా," అన్నాడు హిందీలో. వరసంతా నవ్వింది. మా బామ్మర్ది నవ్వలేదు. నా ప్యాంటు మడత పడకుండా వాడే మడిచి పెట్టాడు.

ఎత్తు సరిపోయింది. ఛాతీ దగ్గర టేపు పట్టుకున్నాయన "ఫులావ్, ఫులావ్" అని అరిస్తే, ఊపిరి బిగపట్టి కళ్లు బైర్లు కమ్మేదాకా పొంగించాను, అదీ సరిపోయింది. బరువు దగ్గర దాదాపు ఒక కిలో తక్కువ పడ్డాను. అక్కడున్న డాక్టరు మంచివాడు. "అందరూ అయిపోయినాక చివర్లో ఇంకోసారి రా," అన్నాడు.

మా బామ్మర్ది క్షణం ఆలోచించలేదు. రోడ్డు మీదికి ఉరికి డజను అరటిపండ్లు, ఒక చెంబెడు నీళ్లు తెచ్చాడు.

"తిను బావా."

"పన్నెండా?"

"నీ బీఏకు తూకం లేకపాయె. పండ్లకున్నది. తిను."

పదకొండు తిన్నాను. పన్నెండోది నా వల్ల కాక వాడు తిన్నాడు. చెంబెడు నీళ్లూ తాగాను. తూకం ముల్లు గీత దాటింది. డాక్టరు నా పొట్టవైపు చూసి నవ్వి, కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ క్షణాన నేను దేశానికి పనికొచ్చానని అనుకున్నాను. ఆ వెంటనే మైలు పరుగు ఉందన్న సంగతి మర్చిపోయాను.

మైదానం చుట్టూ నాలుగు చుట్లు. విజిల్ వేయగానే మొదటి వంద గజాలు నేనే ముందు. చెట్టు కింద నా ఫైలు కూడా నన్ను చూస్తోందన్నంత గర్వం. రెండో చుట్టులో కడుపులో పండ్లూ నీళ్లూ కలిసి ఒక మూల నుంచి ఇంకో మూలకి పోవడం మొదలుపెట్టాయి. పొట్ట పట్టుకుని నడుస్తున్నానో ఉరుకుతున్నానో తెలియకుండా పోతుంటే వెనక నుంచి మా బామ్మర్ది వచ్చాడు. వాడిది అప్పటికే మూడో చుట్టు.

"శభాష్ బావా! చూసెటోళ్లు నువ్వే నా కంటే ముంగటున్నవనుకుంటరు," అని దాటిపోయాడు.

మూడో చుట్టు మొదట్లో గీత పక్కన కూలబడి పదకొండు పండ్లూ కక్కేశాను. ఎవరో నీళ్లిచ్చారు. తల ఎత్తి చూస్తే మా బామ్మర్ది చివరి చుట్టు ముగిస్తూ నా ముందు నుంచే పోతున్నాడు. ఒక్కసారి నావైపు చూశాడు. ఆగలేదు.

హవల్దారు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "బేటా, మాకు బుర్ర వద్దని కాదు. బుర్రను కొండ మీదికి మోసుకుపోయే కాళ్లు కావాలి. కాళ్లుంటే చదువు మేం నేర్పుతాం. చదువుంటే కాళ్లు ఎక్కడ తేవాలి?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. చదువుకోనివాళ్లు చదువుకున్నవాళ్లను చూసి ఏడ్చే ఏడుపు అది అనుకున్నాను.

మా బామ్మర్ది పరుగులో నాలుగోవాడిగా వచ్చాడు. దూలానికి వేలాడి గడ్డం పైకెత్తడంలోనూ, గుంత దూకడంలోనూ ఎక్కడా తడబడలేదు. సాయంత్రానికి వాడి చేతి మీద నీలం సిరాతో ఒక ముద్ర పడింది. నాకు పడింది పరుగులో ఫెయిలని ఒక రాత, అది నా కాగితం మీద. బస్టాండుకు నడుస్తుంటే అడిగేశాను.

"నేను పడిపోతే చూసి గూడ ఆగలేదేందిరా?"

"ఆగితే ఇద్దరం పోతుంటిమి బావా," అన్నాడు వాడు నేల చూస్తూ. "ఇంటికి ఒక్కడన్న మిల్ట్రీకి పోవాలె గద."

మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మూడు వారాల్లో సికింద్రాబాదులో రాత పరీక్ష. కూడికలు, భిన్నాలు, నాలుగు లోకజ్ఞానం ప్రశ్నలు. "ఉరుకుమంటే ఉరికిన. రాయుమంటే నాకు రాదు. జర చెప్పు బావా," అన్నాడు.

నాకు తలనొప్పిగా ఉందని చెప్పాను. తర్వాత చూద్దామన్నాను. వాడు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ తలనొప్పి మూడు రోజులుంది. నాలుగో రోజు మా నాన్న మగ్గం ఆపి, నా వైపు తిరిగాడు.

"రెండేండ్ల సంది నీ సదువు కావాలని మన గడపకొచ్చినోడు వాడొక్కడే. వాన్ని గూడ ఎల్లగొడ్తివి."

ఆ మధ్యాహ్నమే రఘునాథపల్లి బస్సెక్కాను.

మామయ్యవాళ్ల బావిగడ్డ మీద చదువు మొదలైంది. సగానికి పావు కలపమంటే మా బామ్మర్ది పైన అంకెలు పైనా, కింద అంకెలు కిందా కలిపి ఆరింట రెండు అని రాశాడు. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా అని అడిగితే, "కాగితం మీద ఏమన్న అయితది బావా," అన్నాడు. రెండు రోజులు నేను అరవడం, వాడు తల గోక్కోవడం. మా అత్తమ్మ ఇద్దరికీ అన్నం పెడుతూ, "మిల్ట్రీకి పోయేది వాడా నువ్వా? తినుడు మాత్రం నువ్వే తింటానవ్," అని నన్ను ఆట పట్టించడం.

మూడో రోజు బావి మోటారు దగ్గర ఎవరో అరుస్తున్నారు. ఆ బావి మామయ్యదీ, ఆయన ఇద్దరు తమ్ములదీ. మామయ్యది సగం వంతు, తమ్ములది చెరి పావు. చిన్న తమ్ముడు తన వంతు దాటి నీళ్లు పెట్టుకుంటున్నాడని గొడవ. మా బామ్మర్ది లేచి నిలబడి, ఎవరికెన్ని గంటలు రావాలో, మధ్యలో కరెంటు పోయిన గంటన్నర ఎవరి వాటాలో ఎంత కోత పడాలో నిమిషంలో చెప్పి గొడవ తెంపేశాడు.

నేను కాగితం వాడి ముందుకు జరిపాను. "మీ వంతు, మీ చిన్నాయన వంతు కలిపితే ఎంతరా?"

"ముప్పావు."

"దాన్నే కాగితం మీద రాయి."

వాడు కాగితం వైపు, నా వైపు చూశాడు. "గిదేనా బావా? గిది నాకు ఎర్కనే. మరి ఎనిమిదేండ్లు ఎందుకు కొట్టిన్రు?"

ఆ తర్వాత అన్నీ బావి లెక్కలే. రైలు లెక్కలో కూడా వాడు నీళ్లే పారించాడు. పరీక్ష పాసయ్యాడు. సికింద్రాబాదు నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, మా నాన్న కాళ్లకు మొక్కి, నన్ను అమాంతం పైకెత్తి తిప్పాడు. "ఇంకా బరువు పెరగలేదు బావా నువ్వు," అన్నాడు.

వాడు వెళ్లాక నేను బీఎడ్ చేసి, ములుగు అవతల అడవి పక్క ఊళ్లో బడిపంతులునయ్యాను. మా బామ్మర్ది నుంచి ఉత్తరాలొచ్చేవి. మొదట్లో చలి గురించి, రొట్టెల గురించి. రెండేళ్లకు ఉత్తరాల్లో ప్రశ్నలు మొదలయ్యాయి. పై ర్యాంకు కావాలంటే పటాలు చదవడం, లెక్కలు, హిందీ, అన్నిటిలో పాసవ్వాలట. బడి వదిలించుకోవడానికి మిలిటరీకి పోయినవాణ్ణి మిలిటరీ మళ్లీ బళ్లో కూర్చోబెట్టింది. పటం మీద గీతలు దగ్గరదగ్గరగా ఉంటే కొండ నిటారుగా ఉన్నట్టని నేను ఇక్కణ్ణుంచి రాసేవాణ్ణి. "అర్థమైంది బావా, నిన్న ఎక్కిన," అని జవాబొచ్చేది.

ఎనభైల మధ్యలో హవల్దారయ్యాడు. ఆ ఏడు సెలవు మీద వచ్చినప్పుడు ములుగు బస్సెక్కి మా బడికొచ్చాడు. యూనిఫాం వేసుకోలేదు, అయినా తలుపు దగ్గర నిలబడగానే పిల్లలు లేచి నిలబడ్డారు. నేను తరగతిలోకొచ్చినప్పుడు వాళ్లెన్నడూ అంత నిటారుగా నిలబడలేదు.

వెనక బెంచీ పిల్లవాడు అడిగాడు, "సార్, మిల్ట్రీకి పోవాలంటే ఎంత సదవాలె?"

మా బామ్మర్ది నా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. "పోయేతందుకు మీ సారంత సదువు వద్దు. పోయినంక మీ సారంత కావాలె. నేను పొద్దందాక నడిచొచ్చి, లాంతరు పెట్టుకొని సదివిన. మీకు ఫికర్ లేదు, ఈడ నీడపట్టున కూసోబెట్టి చెప్తాండు. చెప్పించుకోండ్రి."

తర్వాత చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఒక కొండ పటం గీసి, ఏ వైపు నుంచి ఎక్కడం తేలికో పిల్లల్ని అడిగాడు. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు. నేను వెనక బెంచీలో, పిల్లల మధ్యన ఇరుక్కుని కూర్చుని విన్నాను.

ఆ తరగతి నుంచి తర్వాత ఇద్దరు భర్తీకి వెళ్లారు. ఒకడు సిపాయి అయ్యాడు. ఇంకొకడు ఎత్తు అర అంగుళం తగ్గి తిరిగొచ్చి, మా ఊళ్లోనే పోస్ట్‌మాన్ అయ్యాడు. నా బామ్మర్ది ఉత్తరాలు చాలాకాలం వాడే తెచ్చిచ్చాడు.