క్లిప్పుల జుట్టు

ఆ క్లిప్పుని కనిపెట్టినవాడెవడో గానీ నాలాంటి తలని జన్మలో చూసి ఉండడు. చిన్న దువ్వెనలా పళ్ళుండే క్లిప్పు అది. దానికి బారెడు జుట్టు కుట్టి ఉంటుంది. మన జుట్టులోకి పళ్ళు దూర్చి టక్కున నొక్కితే కరుచుకోవాలి. నా తలమీద మాత్రం నొక్కి చెయ్యి తీశానో లేదో, మొత్తం జారి భుజం మీద పడేది. మళ్ళీ తగిలించేదాన్ని, మళ్ళీ పడేది. బీరువా అద్దం పగలగొట్టాలన్నంత ఒళ్ళుమంట వచ్చింది.

మేం అప్పుడు బతుకుతెరువుకి బెంగాలీవాళ్ళ ఊరొచ్చి, ఏక్‌బాల్‌పూర్‌లో ఒంటిగది ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్నకి రేవులో సరుకు దించే పని. అంతకుముందు సంవత్సరం పైనుంచి బస్తాలు జారి ఆయన మీద పడ్డాయి. ఆసుపత్రిలో డాక్టర్లు ఏ మాటా తేల్చి చెప్పకుండా రోజులు గడుపుతుంటే, అమ్మ అక్కడే వరండాలో నిలబడి సింహాద్రి అప్పన్నకి మొక్కేసుకుంది. ఆయన లేచి తిరిగితే మా గుంట జుత్తు నీకిస్తాను సామీ అని. ఆ గుంటని నేనే. నన్నొక్క మాట అడగలేదు.

నాన్న లేచాడు. కర్రసాయంతో తిరిగాడు కూడా. ఎండాకాలంలో సింహాచలం వెళ్ళాం. నడుం దాటిన నా జడ మంగలి ముందు తడిసి ముద్దై పడింది. పక్కనే నిలబడ్డ అమ్మ జడ మాత్రం చెక్కు చెదరలేదు. మా ఇళ్ళలో భర్త ఉన్న ఆడవాళ్ళు మూడు కత్తెర్లు ఇస్తే చాలు. కొసన మూడు చోట్ల కత్తిరించి ఆవిడ పని అయిపోయిందనిపించింది.

ఆ జులైలో భవానీపూర్‌లో కాలేజీలో చేరాను. తలకి చున్నీ చుట్టుకునే చేరాను. ఎవరైనా అడిగితే సైనస్ అనేదాన్ని. ఆ సైనస్‌తోనే వానాకాలం, దుర్గాపూజ, చలికాలం అన్నీ గడిచాయి. కానీ సరస్వతీ పూజ గడిచేలా లేదు. ఈ ఊళ్ళో ఆ రోజు ఆడపిల్లలందరూ పసుప్పచ్చ చీర కట్టుకుని, తలంటుకున్న జుట్టు వీపంతా వదిలేసుకుని కాలేజీకి వస్తారు. చీర మీద తలకి చున్నీ చుట్టుకుంటే పంటినొప్పి మనిషిలా ఉంటాను. జుట్టుంటే వెళ్తాను, లేకపోతే ఇంట్లో ముసుగుతన్ని పడుకుంటాను అని తీర్మానించుకున్నాను.

ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బంతా పట్టుకెళ్ళి భవానీపూర్ సందులో పార్లర్ సామాన్ల కొట్లో ఇచ్చాను. చవకలో అసలు జుట్టు అదొక్కటే దొరికింది. కొట్టతను ఒక వెంట్రుక పీకి అగ్గిపుల్లతో కాల్చి వాసన చూపించాడు. "ఆషోల్ చుల్ దిదీ, సౌథేర్ మందిరేర్," అన్నాడు గర్వంగా. అసలు జుట్టు, దక్షిణాది గుడులదీ అని. నాకెంతో నచ్చిందా మాట. మనవైపు జుట్టే కదా, నా జుట్టులో కలిసిపోతుందనుకున్నాను.

కలవడం మాట దేవుడెరుగు, ముందు నిలవాలి కదా! నిలవకపోవడానికి కారణం ఆముదం. గుండు చేయించిన దగ్గర్నుంచీ, బేగి ఎదగాలని అమ్మ రోజూ నా నెత్తిన ఆముదం పెట్టి మర్దనా చేసేది. ఎనిమిది నెలల ఆముదం! షాంపూ సీసా సగం ఖాళీ చేసి తలంటుకుని, కొట్టతను చెప్పినట్టు కుదుళ్ళు ఎదురు దువ్వి చిక్కు చేసి మళ్ళీ పెట్టాను. ఈసారి పడలేదు. కానీ పైన నా జుట్టు పొట్టిగా, చిందరవందరగా, కింద అది పొడుగ్గా, నున్నగా, పాత గొడుక్కి కొత్త కుచ్చులు కట్టినట్టుంది. ఇంత డబ్బు తగలేసి ఈ అవతారమా అని ఏడుపొచ్చింది.

నాన్న మంచం మీద మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. చింతపండు పిసుకుతున్న అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చింది.

"ఏటే, సవరం ఎట్టుకోడం కూడా రాదేటి నీకు? ఇలాగ కూకో."

"ఇది సవరం కాదమ్మా, క్లిప్పులు."

"ఏదైతే ఏటి. నల్లదారం ఇటివ్వు."

క్లిప్పు కిందుగా నా జుట్టుని నాలుగు పాయలు తీసి, నల్లదారంతో క్లిప్పుకీ పాయలకీ కలిపి బిగించింది. పైజుట్టు తడిచేసి దాని మీదకి దువ్వింది. ఆవిడ పనితనం ఎలాంటిదంటే, అద్దంలో చూసుకుంటే నా పాత తల నాకు తిరిగొచ్చింది. అటూ ఇటూ ఊపాను. పడలేదు! ఆ కాసేపూ అమ్మ మీద నాకు ఏ కోపమూ లేదు. ఉన్నదంతా సంతోషమే.

అమ్మ వెనక నిలబడి జుట్టంతా నిమిరింది. "మంచి జుత్తే. ఎక్కడిదిది?"

"మన గుళ్ళలోదంట. అసలుది."

ఆ చెయ్యి ఆగిపోయింది.

"గుడిదా? మొక్కు జుత్తా?"

"అయుంటాది."

"తీసీ."

"ఎందుకు?"

"దేముడికిచ్చినది మనం నెత్తినెట్టుకుంటామేటే? ఎవులో తల్లి ఏ కష్టానికి మొక్కుకున్నాదో. నువ్వెట్టుకుంటే ఆ మొక్కు ఏటవుద్ది?" అంటూనే దారం విప్పడం మొదలుపెట్టింది.

నాకు నిలువునా మండింది. ఎనిమిది నెలలుగా దిగమింగుకున్నదంతా బయటికొచ్చేసింది. "మరి నా జుత్తు ఇచ్చీసినప్పుడు నన్నడిగినావా? నీదెందుకివ్వనేదు? నీ జడ నీకున్నాది కదా!" అని అరిచాను. నాన్నకి మెలకువ వచ్చినట్టుంది. మంచం కిర్రుమంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ దారం విప్పడం ఆపలేదు. విప్పుతూనే గొంతు తగ్గించి అంది. "ఆస్పత్రిలో ముందు నాదే ఇస్తానందారనుకున్నానే. నోరు రానేదు. మొగుడు మంచం మీదున్నప్పుడు నా నెత్తి బోడైపోద్దని నా నోటితో నానే ఎలాగంటాను? రేపు ఇంటికొచ్చి, ఆయన నన్నలాగ సూస్తే, తను సచ్చిపోనాననుకోడా?"

ఆవిడ విప్పిన దారం తీసుకుని ఉండ చుట్టాను. కోపం పోయిందని మాత్రం చెప్పను. అది వేరే చోటికి జరిగి కూర్చుంది, అంతే.

పూజ రోజు పొద్దున్న లేచేసరికి నా డబ్బు పోసి కొన్న జుట్టు క్లిప్పులనుంచి ఊడి గుడ్డమూటలో ఉంది. గంగలో ఒగ్గీడానికని చెప్పింది అమ్మ. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. పసుపు చీర కట్టుకున్నాను. మిగిలిన ఖాళీ క్లిప్పుల్లో ఒకటి తీసి, దాంతో ఆవిడ నా చెవి పైన బంతిపువ్వు పెట్టింది. వద్దనలేదు. చున్నీ వైపు చూడకుండా బయటికి నడిచాను. ధైర్యం కాదు, పంతం. మా అమ్మ చేసిన పని కాలేజీ అంతా చూడనీ అని.

బస్సులో తోపులాటకి పువ్వు ఎక్కడో జారిపోయింది. కాలేజీ గేటు దగ్గర పొడుగు జుట్టుల మధ్య చెవులు కాలిపోతుండగా నిలబడ్డాను. మా క్లాసు పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. పై తరగతి అమ్మాయి ఒకామె వచ్చి నా చుట్టూ తిరిగి, ఎంత బాగుందో, ఏ పార్లర్‌లో ఎవరు కట్ చేశారు అని బెంగాలీలో అడిగింది.

సైనస్ అనబోయాను. చెయ్యి తలమీదకి వెళ్ళింది. ఖాళీ క్లిప్పు ఇంకా అక్కడే కరుచుకుని ఉంది.

"మా అమ్మ," అన్నాను.