నడుము వాల్చని పెద్దబాపు

పెద్దబాపు పోయాడని మొన్న పొద్దున జనగామలో ఉన్న నాకు ఫోన్ వచ్చింది. చేసింది ఆయన తమ్ముడు, మా నాన్న. నర్సింహులపేటలో అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క ఇళ్లే. "కుర్చీలనే పోయిండు బిడ్డ" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

వడ్ల కొనుగోలు కేంద్రంలో పెద్దబాపును ఎరగనివాళ్లు లేరు. కాంటా మీద తూకం ఎప్పుడవుతుందో తెలియక రైతులంతా కుప్పల దగ్గరే కాపు కాస్తారు కదా. మధ్యాహ్నం సద్ది తిన్నాక అందరూ నడుము వాలిస్తే, ఆయన మాత్రం బస్తాలకు వీపు ఆనించి కూర్చునే కునికేవాడు. "మీ పెద్దబాపు ఉంటె మాకు రంది లేదు, ఆయన పండడు" అని పక్కవాళ్లు తమ కుప్పలూ ఆయనకే అప్పజెప్పేవారు. మేమూ గర్వపడ్డాం. పోయిన యాసంగిలో పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టకపోతే, అసలు ఎందుకు పండవని అప్పుడు అడిగాను.

"ఎల్లకిల పంటె ఊపిరాడ్తలేదు బిడ్డ. కూసుంటె జర నయం" అన్నాడు, జలుబు చేసినంత తేలిగ్గా.

దవాఖానకు తీసుకుపోయాను. వయసుతో రక్తనాళాలు సాగే గుణం పోయి గట్టిపడ్డాయని, వాటిలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె గోడ మందమైందని, గుండె వదులు కాలేక రక్తంతో సరిగా నిండకపోవడంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని డాక్టరమ్మ చెప్పింది.

"మళ్ల మెత్తగ చెయ్యరాదా మేడం?" అన్నాను.

"గుండె మీద భారం తగ్గిస్తాం. మునుపటిలా మాత్రం చేయలేం."

పెద్దబాపు నవ్వాడు. "వడ్లు ఎండితె కాంటా పెడ్తరు. నరాలు ఎండితె ఎవలు కొంటరమ్మా." గింజ పంటి కింద పటుక్కుమంటేనే ఎండినట్టని తేల్చే మనిషి. నాకు నవ్వు రాలేదు.

మాత్రలు వేశాం, ఉప్పు ఎక్కువని తొక్కు పచ్చడి మాన్పించాం. కొన్నాళ్లు వాపు తగ్గేది, మళ్లీ వచ్చేది. ఆదివారం వెళ్లినప్పుడల్లా ఆయన వీపు వెనక దిండ్లు సర్దేదాన్ని. ఒకటి చాలక రెండు, రెండూ చాలక మూడు. "బస్తాలు పేరుస్తున్నవా బిడ్డ" అని ఆటపట్టించేవాడు. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు. చివరికి మంచం కూడా వదిలేసి కుర్చీలోనే ఉండిపోయాడు.

మొన్న నేను చేరేసరికి వాకిట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. "ఎన్నొద్దులకో నడుము వాల్చిండు పాపం" అని ఎవరో అన్నారు. ఆ మాట వినలేక లోపలికి పోయి కుర్చీలోని దిండు తెచ్చాను. కింద పెడదామని ఆయన తల ఎత్తబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇగ వద్దు బిడ్డ" అంది.

దిండు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఆయన వీపు ఆనిన చోట దూది ఇంకా లోపలికి నొక్కుకునే ఉంది.