సాకు అనుకున్నాను

నాలుగేళ్ల క్రితం సిద్దిపేటలో ఒక బడి మైదానంలో పొద్దున్నే ఆడవాళ్లకు వ్యాయామ శిబిరం నడిపేదాన్ని. పాత టైర్లు, ఇసుక మూటలు, నా గొంతు, అంతే మా సరంజామా.

ఒకరోజు బట్టలు కుట్టే సుజాత పరుగు మధ్యలో ఆగి, "అక్కా, ఛాతిల పట్టేసినట్టున్నది" అంది.

"సాకులు చెప్పకు, ఇంకొక్క రౌండు ఉరుకు!" అని అరిచి, అందరితో చప్పట్లు కొట్టించాను. ఆమె సిగ్గుపడి మళ్లీ పరుగందుకుంది. సగం దూరంలోనే కూలిపోయింది.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్తుంటే, చల్లబడిన చేత్తో నన్ను పట్టుకుని, "రౌండు పూర్తి చెయ్యలేకపోయిన, ఏమనుకోకు అక్కా" అంది.

గుండెపోటు. ప్రాణం దక్కింది కానీ మిషను తొక్కే ఓపిక పోయింది. చూడటానికి వాళ్లింటికి వెళ్తే, ఆమె భర్త కుట్టు మిషను పక్కకు జరిపి నాకు కుర్చీ వేశాడు.

ఇప్పుడు ఎవరు నొప్పి అన్నా వెంటనే కూర్చోబెడుతున్నాను. సుజాత పడిపోయాక గానీ నాకు ఆ బుద్ధి రాలేదు.