రెజిన్ కింద రూపాయి

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. నిడదవోలులో ఒక రైసుమిల్లు వారి కొత్త ఇంట్లో, హాలు నేలలో, కొన్నాళ్ళపాటు నా రూపాయి బిళ్ళ ఒకటి ఉండేది. దాన్ని అక్కడ పెట్టింది నేనే. ఎవరినీ అడిగి పెట్టలేదు. అడిగే ధైర్యమే ఉంటే ఆ రూపాయి అప్పటిదాకా నా దగ్గర మిగిలి ఉండేదే కాదు.

ఈ వారం మా కింది వాటాలో వంటింటి గట్టుకి గ్రానైట్ వేస్తున్నారు. రాయి కోసే చప్పుడుకి అలవాటు పడ్డాను గానీ, నిన్న మధ్యాహ్నం అతుకులకి రెజిన్ జిగురు పూయడం మొదలుపెట్టారు. మొదట తియ్యగా ముక్కుకి తగిలి, కాసేపటికి గొంతులో చేదుగా మిగిలిపోయే ఆ వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. చదువుతున్న పుస్తకం మూసేశాను. కిటికీ మూద్దామని లేచి, మూయకుండానే నిలబడిపోయాను. ఆ వాసన వెనకాలే నాకు సుభద్ర గారు గుర్తొస్తారు. సిమెంటు మరకల నేత చీర, నెత్తిమీదికి తోసుకున్న కళ్ళజోడు, కూర్చునే ముందు మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఒక్క క్షణం ఆగడం.

ధవళేశ్వరంలో కాలవ గట్టు మీద ఆవిడకి మొజాయిక్ నేలలు వేసే యార్డు ఉండేది. భర్త పెట్టిన వ్యాపారం. ఆయన పోయాక అందరూ అమ్మేస్తుందనుకున్నారట, అమ్మలేదు. నేను డిగ్రీ అయిపోయి, వెళ్ళిన ప్రతి ఇంటర్వ్యూలోనూ నోరు పెగలక తిరిగొస్తున్న రోజుల్లో, మా నాన్నగారికి తెలిసినవాళ్ళెవరో లెక్కలు రాసే పనికి నన్ను అక్కడికి పంపారు. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే, చెప్పింది చెప్పినట్టు రాస్తావా అని. తలూపాను. "చాలమ్మా. మాట్లాడేవాళ్ళు నా దగ్గర ఇప్పటికే ఎక్కువయ్యారు" అంటూ సత్తిబాబు వైపు చూశారు. సత్తిబాబు ఆవిడ మేస్త్రీ. మొజాయిక్‌లో వేసే రంగు చిప్స్ రాళ్ళు జల్లెడ పడుతున్నవాడు తలెత్తి, "ఆయ్, నా గురించేనండి" అన్నాడు, అదేదో బిరుదైనట్టు.

ఉద్యోగంలో చేరే రోజున మా అమ్మ నా చేతిలో ఒక రూపాయి పెట్టింది. రైలు వంతెన మీదికి రాగానే గోదారమ్మకి దణ్ణం పెట్టుకుని నీళ్ళలో వెయ్యమంది. మా ఊరు నిడదవోలు నుంచి రాజమండ్రి వెళ్ళే పాసింజరులో ఆ పని చెయ్యనివాళ్ళు తక్కువ. కానీ నాకు కిటికీ పక్కన చోటు దొరకలేదు, తలుపు దగ్గర మనుషులు కిక్కిరిసి ఉన్నారు. కొంచెం జరగండి అని అనలేక, రూపాయి పిడికిట్లో పట్టుకునే వంతెన దాటేశాను. మర్నాడు వేద్దామనుకున్నాను. ఆ మర్నాడు ఎన్నిసార్లు వచ్చిందో, రూపాయి మాత్రం సంచి అడుగునే ఉండిపోయింది.

నేను చేరేనాటికే మొజాయిక్ పని తగ్గిపోయింది. ఊళ్ళో కట్టే ప్రతి ఇంటికీ టైల్సో, గ్రానైటో. యార్డులో రంగు రాళ్ళ బస్తాలు విప్పకుండానే ఎండకి ఎండి వానకి నానేవి. పాలిష్ మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉండేది. సుభద్ర గారు పొద్దున్నే వచ్చి, "అలిసిపోయానే అమ్మాయ్" అని కూర్చునేవారు. పని మొదలవకముందే అలసట ఏంటా అని మొదట్లో అనుకునేదాన్ని. పని లేకపోవడం అంతకన్నా అలిసిపోయేలా చేస్తుందని తర్వాత తెలిసింది. అయినా చిన్న మరమ్మతు వచ్చినా ఆవిడ స్వయంగా వెళ్ళేవారు. అయిపోయిన నేల మీద చెంప ఆనించి, వెలుతురుకి ఎదురుగా ఓరగా చూసేవారు. ఎత్తుపల్లాలు కంటికి దొరకనివి చెంపకి దొరుకుతాయనేవారు. నన్నూ అలా పడుకుని చూడమన్నారు ఒకసారి. పరాయి ఇంట్లో, అందరి ముందు, నేల మీద. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పడుకున్నాను. మూల దగ్గర ఒకచోట వెలుతురు విరిగినట్టనిపించి వేలు పెట్టి చూపించాను. ఆవిడ సత్తిబాబుని పిలిచి ఆ మూల మళ్ళీ అరగదీయించారు. అంతకుముందు నేను వేలు చూపిస్తే ఎవరైనా ఏదైనా మార్చిన జ్ఞాపకం నాకు లేదు.

అలాంటి రోజుల్లోనే నిడదవోలు నుంచి మిల్లు ప్రసాదరావు గారు వచ్చారు. బెంగళూరులో ఏదో హోటల్లో చూశారట, నేలంతా నాణేలు పరిచి పైన గాజులాంటి రెజిన్ పోసిన పని. తన కొత్త ఇంటి హాలు మధ్యలో అలాంటిది కావాలన్నారు. వాళ్ళ నాన్నగారు మిల్లు గల్లాలో చేరిన చిల్లర పైసలన్నీ కిరసనాయిలు డబ్బాల్లో దాచి పోయారు, అవి ఇప్పుడెక్కడా చెల్లవు, ఆయన గుర్తుగా ఇంట్లో ఉంటాయి కదా అని ఆయన ఆలోచన. సుభద్ర గారు ఎప్పుడూ చెయ్యని పని. ఒప్పుకున్నారు. ఆయన వెళ్ళాక మాతో అన్నారు, ఈ నేల నలుగురి నోళ్ళలో పడితే యార్డు ఉంటుంది, లేకపోతే మిషన్లు అమ్మేసి పెద్దాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానని. బెదిరించినట్టు కాదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పారు. ఆ మాట వినగానే నాకు ముందు నా టేబులు గుర్తొచ్చింది. నేను మాట్లాడకపోవడాన్ని ఎవరూ వింతగా చూడని చోటు ప్రపంచంలో అదొక్కటే.

యార్డులో ముందు చిన్న పలక మీద చేసి చూశాం. మొదటిసారి నాణేల కింద గాలి చేరి, పోసిన రెజిన్ నిండా సగ్గుబియ్యంలా బుడగలు. రెండోసారి రెజిన్ గట్టిపడేందుకు కలిపే మందు ఎక్కువై, ఎండ వేడికి బక్కెట్లోనే పొగలు చిమ్మి రాయిలా బిగిసిపోయింది. "ఇడ్లీ వేశామండి" అన్నాడు సత్తిబాబు, ఆ ముద్దని బోర్లించి. ఆవిడ నవ్వి, మళ్ళీ కలపమన్నారు. చివరికి ప్రతి నాణేన్నీ ముందు జిగురుతో అతికి, చల్లటి పొద్దున పూట కొంచెం కొంచెంగా పోసి, పైకొచ్చిన బుడగల మీద చిన్న గ్యాసు మంట ఆడిస్తే పలక తేటనీరులా కుదిరింది.

ఇక ఏ తీరున పరచాలన్నది మిగిలింది. డబ్బాలు బోర్లిస్తే నలుచదరం అయిదు పైసలు, అంచు వంకీల పది పైసలు, ఆరు మూలల ఇరవై పైసలు, ఎవరో విడదీసి పెట్టిన ముగ్గు చుక్కల్లా కనిపించాయి నాకు. ఖాళీగా ఉన్నప్పుడు బల్ల మీద వాటిని పద్మంలా పేర్చుతుంటే ఆవిడ వెనక నిలబడి చూశారట, నాకు తెలియలేదు. "చెరపకు. అదే వేద్దాం" అన్నారు. నాది అంత పెద్ద ఇంటికి సరిపోతుందా అని గొణిగాను. "నువ్వు నోటితో చెప్పనివన్నీ ఇలా చెయ్యి. నేను అడ్డం రాను."

హాలు కొలతలకి ఆవిడ నాతోపాటు ఒకరోజు పాసింజరులో వచ్చారు. వంతెన మీదికి రాగానే లేచి, తలుపు దగ్గరున్నవాళ్ళని "బాబూ, కాస్త" అంటూ చేత్తో పక్కకి జరిపి, నీళ్ళలోకి నాణెం విసిరి దణ్ణం పెట్టుకున్నారు. తిరిగొచ్చి కూర్చుంటూ, సంచిలోంచి తీసి నేను పిడికిట్లో పట్టుకున్న రూపాయి చూశారు. నువ్వు వెయ్యవా అని అడిగారు. తర్వాత వేస్తానండి, తలుపు దగ్గర జనం ఉన్నారు అన్నాను. ఆవిడ నా ముఖం వైపు ఒకసారి చూసి, కొవ్వూరు వచ్చేదాకా కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు.

పుష్యమాసపు చలిలో ఆ నేల వేశాం. సత్తిబాబు ప్రతి పొద్దునా మొదటి గుప్పెడు నాణేలు కళ్ళకద్దుకుని మొదలుపెట్టేవాడు. అతికిన భాగం మీద కాలు పెట్టేవాడు కాదు, అడ్డంగా చెక్క వేయించుకుని దాని మీద బోర్లా పడుకుని పనిచేసేవాడు. చెదిరిపోకుండా జాగ్రత్త అనుకున్నాం. రోజూ కళ్ళెదురుగా చూశాం, ఒక్కరికీ తట్టలేదు. మా చేతుల్లో అవి అప్పటికి డబ్బు కాదు, చిప్స్ రాళ్ళలాగే నేలలో వేసే సరుకు. చివరి రోజున, రెజిన్ పోసే ముందు, గుమ్మం వైపు రేకలో ఒక పది పైసల బిళ్ళ తీసేసి ఆ చోట నా రూపాయి పెట్టాను. యార్డు ఉండాలి తల్లీ, అనుకున్నాను. గోదారికి చెప్పాల్సింది నేలకి చెప్పాను. అన్నీ తెల్లటి పాత పైసలే, అదొక్కటే స్టీలు రూపాయి. ఎవరూ గమనించలేదనే అనుకున్నాను. మర్నాడు ఎండ పడ్డప్పుడు సుభద్ర గారు నేల మీద చెంప ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయారు. లేచాక, బాగుంది అన్నారు. ఆవిడ నోట ఆ మాట నేను విన్నది అప్పుడే.

గృహప్రవేశానికి మమ్మల్నీ పిలిచారు. ముందు ఆవుని తీసుకొచ్చారు. హాలు గుమ్మంలో అది ఆ మెరుపుని నీళ్ళనుకుందో ఏమో, ఆగి, వాసన చూసి, తర్వాత డెక్కలు చప్పుడు చేసుకుంటూ దాటింది. అందరూ నవ్వారు. దాని వెనక ప్రసాదరావు గారి తల్లి, మామ్మగారు, పాలగిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయారు. కొడుకు రమ్మంటున్నాడు. ఆవిడ కిందికి చూస్తున్నారు.

"మీ నాన్నగారు అయిదు పైసలు కిందపడ్డా కళ్ళకద్దుకుని గల్లాలో వేసేవారురా. ఆ లక్ష్మిని తొక్కుకుంటూ లోపలికి రమ్మంటావా నన్ను?"

గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాటతో హాల్లో ఉన్నవాళ్ళంతా తమ పాదాల వైపు చూసుకున్నారు. ఒక్కొక్కరే గోడల వైపు జరిగారు. ఒకావిడ వంగి నేలని తాకి కళ్ళకద్దుకుంది, చూసి ఇంకొకరు. కాసేపట్లో ఆ పద్మం చుట్టూ మనుషులు బావి చుట్టూ నిలబడ్డట్టు నిలబడ్డారు. మామ్మగారు పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వెళ్ళి పాలు పొంగించారు.

ప్రసాదరావు గారు సుభద్ర గారి దగ్గరికొచ్చి, మీరైనా ముందు చెప్పాలి కదండీ అన్నారు. అడిగింది మీరే కదా అని ఆవిడ అనొచ్చు. సత్తిబాబు నోటిదాకా ఆ మాట వచ్చింది కూడా, ఆవిడ చేత్తో ఆపారు. "చెప్పాల్సిందేనండి. మాకూ తట్టలేదు. తీసేస్తాం" అన్నారు. వంగలేని మోకాళ్ళతో వంగి, నేలని తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నారు. ఆ వంగడంలో ఆవిడ వయసంతా నాకు ఒక్కసారిగా కనిపించింది.

కూలీల చేత గునపాలతో పొడిపించేస్తామని ఆయన అంటే ఆవిడ ఒప్పుకోలేదు. మనం వేసింది మనమే తియ్యాలన్నారు. కోత మిషనుతో చదరాలుగా కోసి, అడుగు సిమెంటుతో సహా ఒక్కొక్క పలకే పైకి లేపారు. వెయ్యడం కన్నా తియ్యడానికే ఎక్కువ రోజులు పట్టింది. అంత జాగ్రత్త ఎందుకండీ, పారేసేదేగా అని సత్తిబాబు విసుక్కుంటే, పారేసేది కాబట్టి పాడు చెయ్యాలా అన్నారు. మధ్య పలకని మామ్మగారు అడిగి తీసుకుని, దేవుడి గదిలో గోడకి ఆనించి బొట్టు పెట్టుకున్నారు. మిగిలినవి యార్డుకి వచ్చాయి. నా రూపాయి ఉన్న పలక ఎటు వెళ్ళిందో వెతకాలనిపించింది గానీ, ఏం వెతుకుతున్నావని ఎవరైనా అడుగుతారని ఊరుకున్నాను.

ఎండాకాలం వచ్చేసరికి మిషన్లు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. పాలిష్ మిషన్ని మాత్రం ఆవిడ చివరిదాకా ఉంచారు. ఏదో చిన్న పని మిగిలిందన్నారు.

ఆ తర్వాత నేను వేరే ఊళ్ళో, వేరే ఆఫీసులో చేరాను. ఇప్పటికీ తక్కువే మాట్లాడతాను. కానీ నా వల్ల పొరపాటు జరిగినప్పుడు, మాకూ తట్టలేదండి అని చెప్పి సరిచేయడం మొదలుపెడతాను, ఆ తప్పులో ఎదుటివాళ్ళ వాటా ఎంతని తవ్వను. ఎవరికీ అక్కరలేదని తేలిన పనిని కూడా అంచులు విరగకుండా తీసి పక్కన పెడతాను. అలిసిపోతాను, నిజమే. సుభద్ర గారు పోయారని రెండేళ్ళ తర్వాత సత్తిబాబు ఫోన్ చేసి చెప్పాడు. అంత మాటకారి, ఆ రోజు మాత్రం ఆ ఒక్క ముక్కా చెప్పి ఫోన్ పట్టుకుని ఊరుకున్నాడు.

ఇప్పుడిది రాస్తుంటే కాగితాలు ఎగరకుండా వాటి మీద ఒక రెజిన్ ముద్ద ఉంది. వంతెన దాటిన ప్రతిసారీ సంచిలో వెంట వస్తుంది. విసిరెయ్యలేకపోయాను. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళని మాత్రం చాలామందినే జరగమన్నాను, దాన్ని చేత్తో పట్టుకుని నీళ్ళ వైపు చూడ్డానికి.

యార్డుకి తాళం వేసిన రోజు సాయంత్రం ఆవిడ నాతో రాజమండ్రి స్టేషన్ దాకా వచ్చారు. అలా సాగనంపడానికి అంతకుముందెప్పుడూ రాలేదు. పాసింజరు కదలబోతుండగా కిటికీ ఊచల్లోంచి నా చేతిలో ఏదో పెట్టారు. నిమ్మకాయంత రెజిన్ ముద్ద, అంచులన్నీ చేతికి గుచ్చుకోకుండా నున్నగా అరగదీసి ఉంది. లోపల నా రూపాయి. రైలు కదిలింది. ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే నాలుగడుగులు కిటికీతోపాటు నడిచారు.

"వంతెన మీద వేసెయ్యి, అమ్మాయ్. తలుపు దగ్గర ఎవరైనా అడ్డంగా ఉంటే, జరగమని చెప్పు."