డాన్యూబులో కలిసిన బావ

మొన్న రాజాంలో మంగలి షాపులో గడ్డానికి సబ్బు రాయించుకుని కూచున్నాను. ఎదురుగా టీవీలో డాన్యూబు నది. తెల్లటి పడవ, రెయిలింగు పట్టుకుని నవ్వుతున్న ముసలి దొరలు. ఛానెల్ మార్చవయ్యా అన్నాను. ముప్పయ్యేళ్ళు అదే నదిని గోడపటం మీద బెత్తంతో చూపించిన సోషల్ మాస్టారిని, ఇప్పుడు దాని బొమ్మ కూడా చూడలేను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, అలాంటి పడవలోనే వంటమనిషి. రాజాం హోటల్లో పెసరట్లు తిప్పిన చెయ్యి అక్కడ దొరలకి చేపలు వేయించేది. ఫోన్ చేస్తే ముందు నది కబుర్లే. "మన నాగావళిలాగే ఉన్నాదిరా. కాపోతే ఎండాకాలం కూడా ఎండదు. నదన్నాక కాస్త సిగ్గుండాల" అనేవాడు.

ఆ పడవలోనే గుండె ఆగి పోయాడు. దహనం కూడా అక్కడే అయిపోయింది. నేను అక్క ఇంట్లో ఉండగా బావతో పనిచేసే మనవాడొకడు ఫోన్ చేశాడు. "అస్థికలు పంపాలంటే కాయితాలకే నెల పడతాదండి. పదోరోజు దాటకూడదు కదా, ఇక్కడే ఏట్లో కలిపీమంటారా?" మా ఇళ్ళల్లో ఇలాంటివి మగాళ్ళు తేల్చేసి ఆడవాళ్ళకి తర్వాత చెబుతారు. నేనూ పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, "కలిపేయండి, ఏ నదైతేనేం" అన్నాను.

చెబితే అక్క ఏడవలేదు. "ఆయన అమ్మా నాన్నా సంగంలో కలిసినారు. రేపు నన్ను ఎక్కడ కలుపుతావురా?" అంది. సంగమంటే నాగావళిలో మరో రెండు నదులు కలిసే చోటు, మాకు దగ్గరే. మళ్ళీ తనే, "ఆ నీరు మన కళింగపట్నం సముద్రానికి వస్తాదా?" అనడిగింది. "వస్తాదక్కా" అన్నాను. అది నల్లసముద్రంలో కలుస్తుందని ఎన్ని వందలసార్లు బోర్డు మీద రాశానో. అక్క నా మొహంలోకి చూసి, "నాకూ పాటం సెప్పీస్తన్నావు" అని లేచి లోపలికి పోయింది.

ఇప్పటికీ వెళితే అన్నం పెడుతుంది, మజ్జిగ పోస్తుంది. ఒరే అని మాత్రం పిలవదు. "ఇంకొంచెం ఏసుకోండి మాస్టారూ" అంటుంది. నామీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ ఫోన్ వచ్చినప్పుడు అక్క పక్కగదిలోనే ఉంది. లేచి వెళ్ళి అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. పదోరోజు దాటిపోతుందని తొందరపడ్డవాణ్ణి, ఇన్నేళ్ళయినా ఆ నిమిషం దాటలేకపోతున్నాను.