స్టీరింగ్ సరోజ తిప్పలేదు

మా పాత స్పోర్ట్స్ కారు రెండేళ్ల కిందట లంబసింగి ఘాట్‌లో రోడ్డు దిగిపోయి బండరాయిని గుద్దింది. నడుపుతున్నది నా భార్య సరోజ. ఆవిడ మణికట్టు విరిగింది. "నాను తిప్పలేదండీ, గతుకులో అదే తిరిగిపోనాది" అని ఎంత చెప్పినా నేను నమ్మలేదు. పైగా ఆడవాళ్ల డ్రైవింగ్ మీద ఇక్కడే ఒక జోకు పోస్టు చేశాను. చాలామంది నవ్వారు. సరోజ మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు.

రిపేరయ్యాక షెడ్డులోనే పడివున్న కారును మొన్న బయటికి తీస్తే, గతుకుల్లో నన్నూ పక్కకి లాగేసింది.

ఈ రోజు అరకులో జీపులు బాగుచేసే సోమన్న ముందు చక్రం స్ప్రింగు తీసేసి, నన్ను స్టీరింగ్ కదలకుండా పట్టుకోమని, చక్రాన్ని జాకీతో పైకి లేపాడు. నా చేతులు కదల్లేదు. చక్రం మాత్రం పక్కకి తిరిగింది.

"సూసారా బాబూ? స్టైలు కోసం బండిని కిందకి దింపేసారు. సక్రాన్ని తిప్పే ఈ టై రాడ్డుని ఏటవాలుగా ఒగ్గేసారు. గతుకెక్కితే అదే తిప్పేస్తాది. ఎవులు సేసారీ పని?"

"నేనే" అన్నాను.

రాడ్డు చివర స్పేసర్ అనే బిళ్ల వేసి ఆ వాలు సరిచేశాడు. మళ్లీ జాకీతో ఎత్తితే చక్రం తిన్నగానే లేచింది.

ఇంటికొచ్చి సరోజకు అంతా చెప్పాను. కాఫీ గింజలు ఏరుతున్న మనిషి తలెత్తలేదు.

"రాడ్డు సెప్తే నమ్మినారు కదా" అంది.

తాళాలు ఆవిడ పక్కన పెట్టాను. ఇంకా అక్కడే ఉన్నాయి.

అప్పుడు నా జోకుకు నవ్విన వాళ్లందరూ ఈ పోస్టు కింద కూడా ఒక మాట రాయండి. సరోజ కామెంట్లు చదువుతుంది. ఆ రోజూ చదివింది.