బొట్టు పెట్టిన బుష్షు

మా మేస్త్రిగారు ఇక లేరని గురువారం పొద్దున రేపల్లె ప్యాసింజరులో ఉండగా ఫోనొచ్చింది. తెనాలి వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. నా ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష.

తెనాలి, బాపట్ల రైసుమిల్లులకు ముప్పై ఏళ్ళు లేతు మిషను మీద షాఫ్టులు తిప్పిన చెయ్యి ఆయనది. వేలితో తడిమి, "వెంట్రుకవాసి ఎక్కువుందమ్మాయ్" అనేవారు. గేజి పెట్టి చూస్తే సరిగ్గా అంతే! ప్రతి షాఫ్టుకీ కుంకుమ బొట్టు పెట్టాకే షెడ్డు గడప దాటనిచ్చేవారు.

తర్వాత మా షెడ్డు విమానం చక్రాల దగ్గర బిగించే, ఉంగరాల్లాంటి కంచు బుష్షుల పనిలోకి దిగింది. విమాన భాగాల తనిఖీ అధికారి వచ్చి మొదటి బుష్షు చూడాలి, అనుమతి రావాలి. రాకపోతే కొత్తగా చేరిన మేం నలుగురం ఇంటికే. ఆ ఉదయం, అంతా మంచే జరగాలని, కడిగి ఆరబెట్టిన బుష్షుకి నేనే బొట్టు పెట్టాను.

మేస్త్రిగారు చూశారు. "ఎంత పని చేశావమ్మాయ్! ఆ పొడి సందులో ఇరుక్కుంటే లోపల అరగదీసుద్ది."

"తుడిచేస్తానండి. ఎవరికీ తెలీదు."

"నీకూ నాకూ తెలుసుగా. విమానం ఎక్కేవాళ్ళకే తెలీదు."

తిట్టలేదు. పనికిరాదని గుర్తుగా బుష్షుకి ఎర్ర రంగు పూసి, రంపంతో రెండు ముక్కలుగా కోసేశారు. వెళ్ళి అధికారి ఎదుట నిలబడ్డారు. "బొట్టు పెట్టామండి. ఆ అలవాటు నేర్పింది నేనేనండి. ఇంకోటి తిప్పుతాను, కాసేపు కూర్చుంటారా?" మా యజమాని మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

అధికారి సాయంత్రం దాకా కూర్చున్నాడు. కొత్త బుష్షు కొలిచాడు, కోసిన ముక్కలూ అడిగి చూశాడు. రిజిస్టరులో మేస్త్రిగారి వంకర రాత రెండుసార్లు చదివాడు: "కుంకుమ అంటింది. పనికిరాదు." కింద సంతకం చేశాడు. కొన్నాళ్ళకి అనుమతి కాగితం వచ్చింది.

ఆ తర్వాత లేతుకే బొట్టు, వస్తువుకి లేదు. "కొలతకి మొహమాటం ఉండదమ్మాయ్" అనేవారు. ఆయన విమానం ఎక్కి ఎరగరు. షెడ్డు మీదుగా ఒకటి వెళ్తే మాత్రం లేతు ఆపి బయటికొచ్చి, కనుమరుగయ్యేదాకా నిలబడేవారు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య దేవుడి గూడు చూపించి, "ఇదేంటమ్మా? రోజూ దీనికి బొట్టు పెట్టేవారు" అని అడిగింది.

పటాల పక్కన ఎర్ర రంగు పూసిన సగం బుష్షు. కోసిన వైపు, కంచు మెరిసేచోట, ఆయన వేలిముద్రతో కుంకుమ ఎండి ఉంది.